వరండాలో సగం దూరం

ఆర్థిక భూగోళం చెప్పే మేడమ్‌కి ఏ నేలలో ఏం పండుతుందో అక్కర్లేదు. ఏ ఆఫీసులో ఎవరి కుర్చీ ఎవరికి ఎంత దూరమో కావాలి. టేపు పట్టుకుని పదకొండేళ్లుగా బ్యాంకులూ బట్టల మిల్లులూ తిరుగుతోంది. మేనేజరు గది అకౌంటెంటుకి ముప్పై అడుగులైతే గేటు మనిషికి మూడు వేల అడుగులు. ఇందులో వింతేమీ లేదు. సెలవు చీటీ ఇవ్వడానికి బయల్దేరేటప్పుడు గేటు మనిషి మంచినీళ్ల సీసా వెంట పెట్టుకుంటాడు. ఆవిడ ఆ అంకె పట్టికలో రాసుకుంటుంది.

సొంత డిపార్టుమెంటు వరండాని మాత్రం ఏనాడూ కొలవలేదు. అక్కడే తప్పులో కాలేసింది.

పదకొండేళ్ల కాంట్రాక్టు కొలువు తర్వాత పర్మనెంటు పోస్టు ఒకటి పడింది. వయసు దాటిపోతోంది కాబట్టి ఆవిడకి ఇదే ఆఖరుది. దరఖాస్తు నాలుగింటికల్లా హెడ్డుగారి చేతికివ్వాలి. ఒంటిగంటకి బయల్దేరింది. మూడైనా హెడ్డుగారి తలుపు అగ్గిపెట్టెంతే కనబడుతోంది.

దారిలో ఊడ్చే ఆయమ్మ గోడకి చేరబడి కూర్చుంది. చేతిలో కాగితం, నడుముకి తాళాల గుత్తి.

"ఎప్పుడు బయల్దేరావు ఆయమ్మా?"

"పొద్దున్నేనమ్మా. ఈ వరండా మధ్యలో ఒక స్టూలు వేయించమని అర్జీ. మోకాళ్లు పట్టేస్తున్నాయి. మీరు పదండి, మీకు టైమైపోతుంది."

మేడమ్ నాలుగడుగులు వేసింది కూడా. మనసొప్పలేదు. వెనక్కొచ్చి చెయ్యి అందించింది.

ఇద్దరూ చేరేసరికి నాలుగున్నర. తలుపుకి తాళం. పదకొండేళ్లూ నీళ్లపాలయ్యాయని మేడమ్ అక్కడే నిలబడి ఏడ్చేసింది.

"ఊరుకోండమ్మా, రోజూ ఈ గది తెరిచేది నేనేగా," అంటూ ఆయమ్మ తాళం తీసింది. దరఖాస్తుని బల్ల మీది కట్ట మధ్యలోకి దూర్చి, తన అర్జీ పైన పెట్టింది.

"రోజూ ఇంత దూరం ఎలా వస్తావు?"

"ఊడవడానికొస్తే పక్కనేనమ్మా. అడగడానికొస్తేనే ఇంత దూరం."

పదకొండేళ్ల పట్టికల్లో ఈ ముక్క ఎక్కడా లేదు.

పోస్టు మేడమ్‌కే వచ్చింది. ఆ రోజు నుంచి హెడ్డుగారి గది ఆవిడకి పద్నాలుగే అడుగులు. వెళ్లి చూస్తే ఆయమ్మ అర్జీ మీద హెడ్డుగారి టీ గ్లాసు ఉంది. ఆయమ్మ ఇంకో అర్జీ రాయించుకుని పొద్దున్నే మళ్లీ బయల్దేరిందట. మేడమ్‌కి సిగ్గేసింది. తనే వెళ్లి గట్టి టేకు స్టూలు కొనుక్కొచ్చింది. టేపు పెట్టి కొలిచి, సరిగ్గా ఏడో అడుగు దగ్గర వేసింది.

"ఆయమ్మా, స్టూలు వేశాను, వచ్చి కూచో!"

చాలాసేపటికి, ఎక్కడో దూరంగా, ఆయమ్మ గొంతు వినిపించింది.

"ఎక్కడమ్మా? నాకింకా కనబడ్డం లేదు."