షెడ్డులో ఆన్ చేసిన మీటర్

ఫైర్ స్టేషన్‌లో బావ లీడరు, బావమరిది గాలిలో విషవాయువు ఎంతుందో చూపే గ్యాస్ మీటర్ మోసేవాడు. అక్క మీద బావ చెయ్యి చేసుకున్ననాటి నుంచి ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. అయినా ఇద్దరికీ ఒకే బండిలో డ్యూటీ పడింది, వాళ్ల ఖర్మ.

మీటర్‌ను ఆరుబయటే ఆన్ చేయాలి. ఆన్ చేసిన చోట ఉన్న గాలే మంచి గాలి అనుకుని అది లెక్క మొదలుపెడుతుంది. ఆ మధ్యాహ్నం బావ తొందరపెట్టి, బండి పొగ కమ్ముకున్న షెడ్డులోనే దాన్ని ఆన్ చేయించాడు. ఇక్కడొద్దని బావమరిది చెప్పిచూశాడు. మా ఆవిడ తమ్ముడికి మీటర్ కంటే ముందు గుండె మోగుతుందని బావ నలుగురిలో ఎగతాళి చేశాడు. అందరూ నవ్వారు. బావమరిదికి ఒళ్లు మండిపోయింది.

వెళ్లాల్సింది ఒక ప్రింటింగ్ ప్రెస్‌కి. దాని నేలమాళిగలో జనరేటర్ పొగకు ఇద్దరు పనివాళ్లు స్పృహ తప్పితే, తోటివాళ్లు బయటికి లాక్కొచ్చారు. జనరేటర్ ఆపేశారు. ఇక లోపల గాలి బాగుందని ఫైర్ వాళ్లు చెబితే యజమాని పని మొదలుపెడతాడట.

బండి దిగాక మీటర్‌ను ఆపి, బయట మళ్లీ ఆన్ చేయడానికి ఒక్క నిమిషం చాలు. బావమరిది ఆ పని చేయలేదు. ఇద్దరూ మాస్క్‌లు పెట్టుకుని నేలమాళిగ మెట్ల పైన నిలబడ్డారు.

"ఎంత చూపిస్తోంది? అంకె చెప్పు చాలు, పాఠాలొద్దు," అన్నాడు బావ.

"సున్నా."

అంకె అబద్ధం కాదు. కానీ షెడ్డు పొగనే మంచి గాలి అనుకున్న మీటర్ చూపే ఆ అంకెకు విలువ లేదని అతనికి తెలుసు. బావ తన మాస్క్ లాగేసి దిగాడు. అయిదు మెట్లు, పది మెట్లు. పిలవాలని బావమరిదికి గొంతుదాకా వచ్చింది. దిగనీ, కాస్త బుద్ధొస్తుంది అనుకుని మింగేశాడు.

కింద ఏదో దభీమని పడింది.

అప్పుడు పరుగెత్తాడు. సగం మెట్లు దిగేసరికి మీటర్ గొల్లుమంది. బావను చంకల కింద పట్టుకుని ఈడ్చుకొచ్చి గోడవార పడేశాడు. ఆక్సిజన్ పెట్టిన చాలాసేపటికి బావ కళ్లు తెరిచాడు. పనివాళ్లు, డ్రైవరు చుట్టూ మూగారు. మీ బావమరిదే కాపాడాడని డ్రైవరు చెప్పాడు. బావ అతని మొహం వంక తేరిపార చూశాడు.

"సున్నా అన్నావు కదరా. మరి నీ మాస్క్ ఎందుకు తియ్యలేదు?"

షెడ్డు సంగతి చెబుదామని బావమరిది నోరు తెరిచాడు. అది చెబితే, తెలిసే దిగనిచ్చానని ఒప్పుకున్నట్టే. అందరూ అతని జవాబు కోసం చూస్తున్నారు.