పసుపు కొనేవాడి చూపు

ఆ సాఫ్ట్‌వేర్ రాసిన మహానుభావులెవరో గానీ, నరహరిలాంటి మనిషిని కెమెరా ముందు కూర్చోబెట్టి ఎన్నడూ చూసి ఉండరు. తెర మీద ఒక చుక్క వస్తుంది. తల కదపకుండా కళ్లతో దాన్ని చూడాలి. అలా తొమ్మిది చుక్కలు, అంతే పని. నరహరి మాత్రం చుక్క ఎటు పోతే తలకాయంతా అటు తిప్పి, దొరికిందన్నట్టు ఊపేవాడు. కెమెరాకు ఆయన కళ్లు దొరక్క, కార్యక్రమం మళ్లీ మొదటికి వచ్చేది.

"నెత్తి కదపకని ఎన్నిసార్లు చెప్పాలె చిన్నబాపూ?" అంది అంకిత.

"కదపకుంట ఎట్ల చూస్తరు బిడ్డా? నేను మనిషినా, బొమ్మనా?"

అంకిత హైదరాబాద్‌లో సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. నరహరి ఆమె తండ్రికి తమ్ముడు. ఆర్మూర్‌లో ఒక సేటు తరఫున పాతికేళ్లుగా రైతుల దగ్గర పసుపు కొంటున్నాడు. సరుకు విషయంలో ఆయన కన్ను తప్పదని పేరు. అంకిత పరిశోధన ఆ కంటి మీదే. నాలుగు పసుపు కుప్పల ఫొటోలు తెర మీద పెడుతుంది. ఏది కొంటాడో ఆయన చెప్పాలి. ఈలోగా ఆయన చూపు ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగిందో కెమెరా పట్టుకుంటే, సాఫ్ట్‌వేర్ అక్కడ ఎర్రమచ్చ వేస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్‌ను డబ్బు పెట్టి కొనే పని లేదు. ఎవరైనా దించుకోవచ్చు, లోపలి కోడంతా విప్పి చూసుకోవచ్చు. మనిషి తాను ఎంచుకోబోయే వస్తువునే ఎక్కువసేపు చూస్తాడని ఆమె చదివిన పుస్తకాలన్నీ చెబుతున్నాయి.

నరహరి కళ్లు ఆ పుస్తకాలు చదవలేదు. ఆయన కొంటానన్న కుప్ప మీద రెప్పపాటు కన్నా ఎక్కువసేపు చూపు ఆగదు. వద్దన్న కుప్పల మీద మాత్రం మచ్చలు ఎర్రగా మండుతుంటాయి. మూడు రోజులు, ముప్పై ఫొటోలు, అన్నిట్లోనూ ఇదే వరస.

శుక్రవారానికల్లా ఫలితాలు కమిటీ ముందు పెట్టకపోతే ఫెలోషిప్ ఆగిపోతుంది. ఇప్పటికే రెండుసార్లు గడువు పెంచారు, మూడోసారి పెంచరు. గైడు గారు ఫోన్‌లో "ఎడమా కుడీ తిరగబడుతున్నట్టుందమ్మా, చూసుకో" అని తేల్చేశారు. తిరగేసి చూసింది, అదీ కాదు. ఒళ్లు మండి, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు పెద్ద ఉత్తరం రాసింది. గంటలో ఏ దేశం నుంచో జవాబొచ్చింది. మా లెక్కలో తప్పేమీ కనిపించడం లేదు, మీ ఓపికకు ధన్యవాదాలు అని. ఉచితంగా ఇచ్చినవాళ్లను మనసారా తిట్టుకోవడానికి కూడా వీల్లేదు. ఆ మర్యాద చూసి ఆమెకు ఇంకా మండింది.

నాలుగో రోజు పొద్దున ఆరో చుక్క దగ్గర ఉండగా నరహరి ఇంటి వాకిట్లో ఆటో ఆగింది. కమ్మర్‌పల్లి నుంచి గంగాధర్ అనే రైతు నాలుగు బస్తాల పసుపు తెచ్చాడు.

"జర ఆగు బిడ్డా" అని నరహరి లేచిపోయాడు. ఐదు చుక్కల కష్టం గంగలో కలిసింది. అంకిత పళ్లు కొరుక్కుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

గంగాధర్ బస్తాల మూతులు విప్పాడు. నరహరి మొదటి బస్తా ముందు గొంతుక్కూర్చున్నాడు. కొమ్ము విరిచాడు, వాసన చూశాడు, ఎండకు పెట్టి చూశాడు, పెదవి విరిచాడు. ఎప్పుడు ఉడకబెట్టావు, ఎన్నాళ్లు ఎండబెట్టావు అని సవాలక్ష అడిగాడు. రెండోదానికీ మూడోదానికీ ఇదే తంతు. నాలుగో బస్తాలో చెయ్యి పెట్టినప్పుడు మాత్రం రోడ్డు మీద పోయే బస్సు వైపు చూస్తున్నాడు. విరిగిన కొమ్ము లోపల, మేలు సరుకుకుండే ముదురు రంగు గుమ్మంలో ఉన్న అంకితకు కూడా కనిపించింది. ఆయన ఒక్కసారి కిందికి చూసి, కొమ్మును బస్తాలో పడేశాడు.

"ఈ మూడు తీసుకుంట. గా మూలకున్నది గూడ పడెయ్యి, మళ్ల వాపస్ ఏం మోసుకపోతవ్. అన్నిటికీ ఒకటే రేటు."

"సరే కానియ్ అన్నా" అన్నాడు గంగాధర్.

మూడు రోజులుగా అంకిత తలలో ముడిపడి ఉన్నదేదో ఆ క్షణాన ఊడిపోయింది. సంతోషంలో ఎక్కడున్నదీ మర్చిపోయింది.

"చిన్నబాపూ, నువ్వు కావాలనే దాన్ని చూస్తలేవు. ఏది మంచిదో దాన్ని చూడవు, కొనబుద్ధి కానిదాన్నే చూసుకుంట కూసుంటవు. ఫొటోలల్ల గూడ గిదే చేసినవ్."

నరహరి ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. అప్పటికే మాట వాకిలంతా పరుచుకుంది.

గంగాధర్ వంగి, నాలుగో బస్తా మూతిని మెల్లగా బిగించి కట్టాడు. తర్వాత మిగతా మూడూ కట్టాడు.

"పోయినేడు గూడ మూలకున్నదనే ఎక్కిచ్చుకున్నవ్ అన్నా" అన్నాడు. "నాలుగు దుకాన్లు తిరిగి చూస్త తియ్యి."

బస్తాలు ఆటో ఎక్కాయి. ఆటో మలుపు తిరిగింది.

"ఫొటోల ముంగట రైతు లేడు గద" అంది అంకిత. "అక్కడెందుకు దాచినవ్?"

"కెమెరా నా కండ్లనే చూస్తున్నదని నువ్వే చెప్తివి. చూసేటోడు ఎదురుంగ ఉంటే, కావాల్సినదాని మీద చూపెట్ల ఆగుతది బిడ్డా? ఆగదు."

సాఫ్ట్‌వేర్‌లో తప్పు లేదు. కమిటీ ముందు పెట్టడానికి ఇంతకన్నా మంచి ఫలితం ఇంకోటి ఉండదు. అది తెలిసి అంకితకు ఏడుపొచ్చింది. సాయంత్రానికి కమ్మర్‌పల్లిలో ఈ మాట పాకుతుంది, రేపటికి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ. పాతికేళ్లు దాచుకున్న చూపును తను గుమ్మంలో నిలబడి చాటింపు వేసింది.

నరహరి కాళ్లకున్న పసుపు దులుపుకుని లోపలికి వచ్చి, లాప్‌టాప్ ముందున్న కుర్చీలో కూర్చున్నాడు.

"ఇంకెన్నిసార్లు చూడాలె?"

"ఏడుసార్లు" అంది అంకిత, వినీ వినపడకుండా.

"పెట్టు మరి. ఇగ నాకు వేరే పనేమున్నది."