లెవల్ పైపులో నీళ్లు

వానకాలం మొదలయ్యేలోపు చేయాల్సినవని రేవతి చీటీలో రాసుకున్న పనులు: ఇంటి ముందు మట్టి వాకిలిని అడుగున్నర లేపడం, గేటు దాకా సిమెంటు పోయించడం, గేటు ముందు మోరీ కాలువ మీద బండలు పరిపించి బండి ఎక్కేలా ర్యాంపు కట్టించడం, మంగళవారం కొండగట్టుకు పోయి మొక్కు తీర్చుకోవడం.

కరీంనగర్‌లోని ఆ గల్లీలో కొత్త ఇల్లు కట్టిన వాళ్లంతా ఇట్లాగే చేయించుకున్నారు. పక్కింటికంటే అడుగు ఎత్తున ఉంటే వాన నీళ్లు మన దగ్గర ఆగవు. ఆగని నీళ్లు ఎటు పోతాయని ఎవరూ అడగలేదు. బడిలో పాఠాలు చెప్పే రేవతి కూడా అడగలేదు.

మేస్త్రీ ఇబ్రాహీం పొద్దున్నే వచ్చి, కొత్త వాకిలి ఎంత ఎత్తుకు వస్తుందో గేటు స్తంభం మీద గీత గీశాడు. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తున నిలిచే లెవల్ పైపును నింపి, ఒక కొస ఆమె చేతికిచ్చాడు.

"చెల్లె, నీళ్లు గీత కాడ నిలిచేటట్టు జర పట్టుకో."

రెండో కొసతో గల్లీ దాటి, పల్లంలో ఉన్న శంకరవ్వ పెంకుటింట్లోకి పోయాడు. ఒంటరిగా బతికే ఆ ముసలమ్మ బీడీలు చుడుతూ తలెత్తింది.

"ఏందిరా ఇబ్రాహీం, నా ఇల్లు గూడ కొలుస్తున్నవ్? కూలగొడ్తరా ఏంది?"

"ఇల్లు కాదవ్వా, నీళ్లు కొలుస్తున్న."

"కొలువు కొలువు. పోయిన వానకు మంచం కిందికి కప్పలొచ్చినయి. ఈసారి చేపలొస్తే కూరకు ఫికర్ లేదు."

గేటు దగ్గర నుంచే విన్న రేవతికి నవ్వొచ్చింది. ఇబ్రాహీం లోపలి గోడ మీద గీత గీసి పిలిస్తే, పైపు కొసను గేటుకు కట్టి వెళ్లింది. గీత శంకరవ్వ మంచానికి జానెడు పైన ఉంది. మంచం మీద బీడీల చాట, తునికాకు కట్టలు. ఆమె బతుకుదెరువంతా ఆ గీతకు కిందే ఉంది. రేవతి నవ్వు ఆగిపోయింది.

"నీ వాకిలి గింత ఎత్తుకొస్తది," అన్నాడు ఇబ్రాహీం. "గీ గల్లీల ఆరు ఇండ్లు నేనే లేపిన. ఆరుసార్లు నీళ్లను గీ అవ్వ మీదికే తోలిన. ఏడోది నాతోటి కాదు."

"మరి నీళ్లు నా ఇంట్లకొస్తే ఎట్ల భాయ్?"

"ఎవలింటికీ తోలద్దు. భూమిల దింపాలె. సిమెంటు నీళ్లు తాగదు చెల్లె, మట్టి తాగుతది. వాకిలి గట్లనే ఉంచు. ఇంకుడు గుంత తవ్వుదాం, డాబా మీది నీళ్లు అండ్లకే. మోరీ మీద బండలు వద్దు, లేపితే లేచే ఇనుప జాలి పెడదాం. పూడిక తీయొస్తది."

రేవతి ఇంటికి వచ్చి చీటీలో మొదటి మూడు పనులు కొట్టేసింది. కొండగట్టు ఒక్కటే మిగిలింది.

ఇబ్రాహీం గుంత తవ్వి, జాలి పెట్టాక, ఆ ఏడు మొదటి పెద్దవానకు శంకరవ్వ గడప తడిసింది, మంచం కింద మాత్రం పొడిగానే ఉంది. గడపైనా ఎందుకు తడవాలి? మిగతా ఆరు వాకిళ్లు ఇంకా సిమెంటువే. అయితే మర్నాడు ఎదురింటి కైలాసం వచ్చి, గుంతలోకి తొంగి చూసి, "ఎంత లోతు తవ్విండ్రు టీచర్?" అని అడిగాడు.

మన వాకిట్లో పడ్డ చినుకును మన మట్టిలోనే ఇంకనివ్వాలి. మీరు సిమెంటు పోయించే ముందు, మీ గల్లీలో అందరికంటే పల్లంలో ఉన్న ఇల్లు ఎవరిదో ఒక్కసారి పోయి చూసిరండి. అప్పుడు మా శంకరవ్వను యాది చేసుకోండి.