ఆగతా కప్పుకున్న కోట్లు

మాకు కుట్టుపని ఇచ్చే షాపు యజమాని సవేరియో, పక్కింట్లో మంచం మీది కోట్లు ఒక్కొక్కటే లాగేస్తుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను. వాటి కింద ఆరేళ్ల ఆగతా ఉంది. ఆ ఇంట్లో బొగ్గు అయిపోయి రెండు రోజులైంది. కుట్టడం పూర్తయిన కోట్లు తప్ప పిల్లకు కప్పడానికి ఇంకేమీ లేవు. దాని మెడ వాచిపోయింది. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో గరగర.

"డాక్టర్ని పిలుస్తానయ్యా" అంది తల్లి జెల్సొమీనా.

"పిలువు. వాడొచ్చి తలుపుకి అంటురోగం కాగితం అంటిస్తాడు. ఈ మేడలో ఉన్న కోట్లన్నీ వీధిలో పడేసి తగలబెడతాడు. క్రిస్మస్ ముందు కొట్టుకి సరుకు చేరకపోతే నేను మునుగుతా. నాతోపాటు మీరూ మునుగుతారు. మిగతావి రేపటికి కుట్టెయ్, తర్వాత నీ ఇష్టం."

జెల్సొమీనా నా వైపు చూసింది. నా ఇంట్లోనూ సవేరియో ఇచ్చిన కోట్ల మూట ఉంది. నేను తల దించుకున్నాను. ఆ సంగతి దాచను.

డబ్బున్నవాళ్ల పిల్లల కోటు ఏటా మారుతుంది. అంతకుముందు చలికాలం నావికుల కాలరు, చేతి మీద లంగరు బొమ్మ. ఆ ఏడు 'రష్యా కోటు' వచ్చింది. రెండు వరసల ఇత్తడి గుండీలు, మఖమల్ కాలరు, నడుము కిందికి జారిన బెల్టు, లోపల ఎర్ర ఉన్ని అస్తరు. సవేరియో షాపులో మగాళ్లు గుడ్డ కత్తిరించి మిషను మీద కుడతారు. అస్తరు, గుండీలు, బెల్టు మాత్రం పొట్టకూటికి సముద్రం దాటి ఈ దేశం వచ్చిన మా ఆడవాళ్ల చేతికుట్టు. మూటలు నెత్తిన పెట్టుకుని అయిదంతస్తులు ఎక్కి ఇళ్లకు తెచ్చుకునేవాళ్లం.

గుడ్డ కత్తిరించే మెండెల్ రష్యా నుంచి వచ్చినవాడు. "అక్కడ ఇరవై చలికాలాలు వణికాను. ఇలాంటి కోటు వేసుకున్న పిల్లాణ్ణి ఒక్కణ్ణీ చూళ్లేదు" అని నవ్వేవాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆఖరి గుండీ కుట్టి, జెల్సొమీనా డాక్టరు కోసం పరిగెత్తింది. ఆయన పిల్ల గొంతు చూసి, "కంఠసర్పి, పిల్లల గొంతు మూసేసే అంటురోగం. నిన్న పిలిచుంటే సూదిమందుతో బతికేది" అన్నాడు. సాయంత్రానికి ఆగతా పోయింది. అప్పటికే కోట్లు కొట్టుకు చేరిపోయాయి.

పిల్లను పూడ్చిపెట్టిన రెండో రోజు కుట్టుపని చేసే ఆడవాళ్లం ముప్పైమందిమి నా వంటగదిలోనూ మెట్ల మీదా కూర్చున్నాం. మెండెల్ కూడా వచ్చాడు.

"ఆ కోట్ల సంగతి ఊరందరికీ చెప్పాలి" అంది జెల్సొమీనా.

ముసలి ప్రోవిదెన్సా మండిపడింది. "చెప్పు. ముందు మన తలుపులకే తాళాలు పడతాయి. ఇళ్లలో కుట్టనివ్వరు. రేపు ఏం తింటావే? నీ పిల్ల పోతే ఆ గొప్పింటాళ్లు ఒక్కరైనా తొంగిచూశారా? వాళ్ల పిల్లల మీద నీకెందుకంత జాలి?"

"జాలి కాదు పిన్నీ. ఆ కోట్లలో ఏముందో ఆ తల్లులకి తెలీదు. నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకుంటే సవేరియోకీ నాకూ తేడా ఏముంది?"

నేను లేచాను. "ఆ రోజు నేను గుమ్మంలోనే ఉన్నా. నా మూట పోతుందని నోరెత్తలేదు. ఇంక ఆ మూట ముట్టను."

"మీరు ముట్టకపోతే మేమూ కత్తెర్లు కింద పెట్టేస్తాం. షాపులో మావాళ్లతో మాట్లాడే వచ్చా" అన్నాడు మెండెల్.

ప్రోవిదెన్సా లేచి వెళ్లిపోయింది.

శనివారం మధ్యాహ్నం మా కోట్లు అమ్మే పెద్ద కొట్టు ముందు నిలబడ్డాం. అద్దం వెనక దూది మంచు మీద చెక్కబొమ్మ పిల్లలు రష్యా కోట్లు తొడుక్కుని ఉన్నారు. మా ఆడవాళ్లలో ఎవరికీ ఇంగ్లీషు రాదు. మెండెల్ ఒకే ఒక్క వాక్యం నేర్పాడు. దారంతా వల్లించుకుంటూ వచ్చాం. ప్రోవిదెన్సా కూడా మా వెనకే వచ్చింది.

"ఈ కోట్ల కింద నా బిడ్డ కంఠసర్పితో పడుకుంది, చచ్చిపోయింది" అంది జెల్సొమీనా. వెనకే మేమందరం అదే మాట చెప్పాం.

జనం తప్పుకుని పోయారు. కొందరు నవ్వారు. కొట్టులోంచి కొడుకు చెయ్యి పట్టుకుని వస్తున్న ఒకావిడ మాత్రం ఆగింది. మళ్లీ చెప్పమని సైగ చేసింది. జెల్సొమీనా మళ్లీ చెప్పింది. ఆవిడ మంచులోనే మోకాళ్ల మీద కూలబడి కొడుకు కోటు గుండీలు విప్పసాగింది. ఆ తొందరలో ఒక గుండీ తెగిపోయింది. "అమ్మా, చలి" అన్నాడు పిల్లాడు. ఆవిడ తన శాలువా వాడికి చుట్టి, కోటు తీసుకెళ్లి కొట్టు గుమ్మంలో పడేసింది.

అప్పటిదాకా చూస్తున్న కొట్టు మేనేజరు అప్పుడు పిలిచాడు పోలీసుల్ని. లాఠీలు లేచాయి. ప్రోవిదెన్సా మణికట్టు విరిగింది. మమ్మల్ని బండిలో కుక్కి తీసుకెళ్లారు. పది రోజులు జైలు.

బయటికొచ్చేసరికి ముసలిది చెప్పినట్టే అయింది. ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్లు మా మేడల్లోని కోట్లు వీధిలో కుప్పపోసి కాల్చారు. ఇక ఇళ్లలో కుట్టకూడదన్నారు. పిల్లలకు ఉడకేసిన క్యాబేజీ నీళ్లు పోశాం. కుర్చీలు విరిచి పొయ్యిలో పెట్టాం. ఆకలికీ చలికీ ఇంకో ఇద్దరు పసివాళ్లు పోయారు. జెల్సొమీనాను తిట్టినవాళ్లూ ఉన్నారు. ఆమె అందరి తిట్లూ విని, మర్నాడు వాళ్ల ఇళ్లకే వెళ్లి, దొంగచాటుగా ఇచ్చినా మూట ముట్టొద్దని బతిమాలింది. షాపులో కత్తెరా మిషనూ కదల్లేదు.

జనవరి చివర సవేరియో కబురు పంపాడు. సరుకు రహస్యంగా ఇస్తాడట. ఒక్కొక్కరే రావాలట. ముందొచ్చినవాళ్లకే పనట.

అందరం కలిసి వెళ్లాం. మా మేడవాళ్లం, వెనక వీధివాళ్లూ, కత్తెరవాళ్లూ మిషనువాళ్లూ. షాపు మెట్లు నిండిపోయి జనం వీధిదాకా నిలబడ్డారు. సవేరియో తలుపు తీసి ఒక మూట ఎత్తి పట్టుకున్నాడు.

"ఎవరు ముందు?"

ఎవరూ చెయ్యి చాపలేదు. వాడు పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా ఒక్కొక్క మొహమే చూశాడు. మూట బరువుకి వాడి చేతులు కిందికి జారుతున్నాయి.

"అది కింద పెట్టు సవేరియో" అంది జెల్సొమీనా. "కుట్టేది ఇక్కడే, నీ షాపులోనే, పొయ్యి వెలిగించాకే. బిడ్డకి జబ్బు చేస్తే డాక్టరు ముందు, కోటు తర్వాత. ఒప్పుకునేదాకా ఈ మెట్లు దిగం."

ఆమె పై మెట్టు మీద కూర్చుంది. ఆమె వెనక మేమందరం కూర్చున్నాం.