ఎస్తేర్ ఉండే నోయ్‌ష్టాట్

ఎస్తేర్ జర్మనీకి పోయినప్పటి నుంచి ఆనందరాజ్‌కు ఒక కొత్త అలవాటు పట్టుకుంది. పొద్దున్నే కంపెనీ బస్సెక్కి కూర్చుంటానే ఫోన్ తీసి, పెళ్లాం ఉండే ఊరి గురించి చదివేవాడు. ఊరి పేరు నోయ్‌ష్టాట్. ఆ పేరు కొట్టగానే ఫోన్ మ్యాపు చూపించేది, ఊరి కథంతా తమిళంలోకి మార్చి ముందర పెట్టేది. తెలుగు అతనికి ఇంట్లో మాట్లాడను, చర్చిలో పాడను మాత్రమే. చదవడం రాదు.

ఎస్తేర్ తిరుత్తణిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుగా ఉండేది. డ్యూటీ దిగి, రైలెక్కి తిరువళ్లూరుకు వచ్చి జర్మన్ క్లాసులో కూర్చొని, కడంబత్తూరులో ఇల్లు చేరేసరికి వండిన అన్నం చల్లారిపోయి ఉండేది. పరీక్ష మొదటిసారి పోయింది, రెండోసారి దక్కింది. నోయ్‌ష్టాట్‌లో ముసలివాళ్లను చూసుకునే హోములో ఉద్యోగం వచ్చింది. కూతురు ప్రియంకను మొగుడి చేతిలో, అత్త పొన్నమ్మ చేతిలో పెట్టి విమానం ఎక్కేసింది.

ఫోన్లో చదివిన ఊరు ఆనందరాజ్‌కు బాగా నచ్చింది. చుట్టూ ద్రాక్షతోటలు. అత్తిచెట్లు కూడా కాస్తాయంట. పక్కనే కొండ, కొండ మీద కోట. సుమారు రెండొందల ఏళ్ల కిందట జనం జెండాలు పట్టుకొని ఆ కొండెక్కి, మాకు స్వేచ్ఛ కావాల, మా దేశమంతా ఒకటి కావాల అని అడిగినారంట. ఊరి నడుమ పాత చర్చి. దాంట్లో ఒక సగం కాథలిక్కులది, ఒక సగం ప్రొటెస్టెంట్లది, నడుమ గోడ. ఆ గోడ సంగతి చదివినప్పుడు ఆనందరాజ్ బస్సులోనే నవ్వుకున్నాడు. మన ఊళ్లల్లో వీధికొక చర్చి కట్టుకుంటారు, వాళ్లు ఒక్క దాన్నే పంచుకున్నారు, అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టు.

ప్రియంక స్కూల్లో ఏదైనా ఒక పరదేశం ఊరి గురించి చార్టు చేసి తెమ్మన్నారు. తండ్రీ కూతురూ రెండు ఆదివారాలు కూర్చొని చేసినారు. కొండ, కోట, ద్రాక్షగుత్తులు, నడుమ గోడ ఉన్న చర్చి. పైన తమిళంలో ‘మా అమ్మ ఉండే ఊరు’ అని ప్రియంక రంగు స్కెచ్‌తో రాసింది. వీడియో కాల్‌లో తల్లికి చూపిస్తే, ఎస్తేర్ డ్యూటీ నడుమ ఏదో తింటా, చాలా బాగుంది పాపా అని మురిసిపోయింది.

ఆనందరాజ్ ఆ సంతోషంలో అడిగినాడు, చర్చికి పోతే గోడకు ఏ పక్క కూర్చుంటావని.

ఏం గోడ, అనింది ఎస్తేర్.

చర్చి నడుమ గోడ, అన్నాడు.

తను పోయే చర్చిలో గోడేమీ లేదని చెప్పి, ఎవరో పిలిస్తే ఎస్తేర్ ఫోన్ పెట్టేసింది. కొత్తగా పోయింది కదా, ఇంకా సరిగా చూసుండదులే అనుకున్నాడు ఆనందరాజ్. అయినా చర్చి నడుమ నిలబడిన గోడ కంటికి ఆనకుండా ఎట్లా పోతుందని అతని మనసులో ఒక మూల అడగతానే ఉంది.

తరువాత ఒకరోజు ఎస్తేర్ మాటల్లో చెప్పింది, విమానం దిగిన పొద్దు రైల్లో కూర్చొని కూర్చొని నడుము విరిగిందని, ఊరు చేరేసరికి సాయంత్రమైందని. విమానం ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగింది, అది అతనికి తెలుసు. మ్యాపులో చూస్తే ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నోయ్‌ష్టాట్‌కు ఎంతో దూరం లేదు. చెన్నై నుంచి తిరుత్తణికి పోయినట్టు పోయి దిగొచ్చు. మరి పొద్దంతా ఏ రైల్లో కూర్చుంది? రైలు చెడిపోయిందేమో. లేదంటే దారి తప్పిందేమో, తప్పినా చెప్పుకోను సిగ్గుపడిందేమో. తనకు తానే ఒక్కొక్క సమాధానం చెప్పుకున్నాడు. ఏదీ కుదరలేదు.

ఆ వారంలోనే ఎస్తేర్ ఒక ఫోటో పంపింది. తలకు ఉన్ని టోపీ పెట్టుకొని నవ్వుతా ఉంది. వెనక పడవలు, వాటి వెనక సముద్రం.

ఆనందరాజ్ ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూసినాడు. చెరువు కాదు, ఏరు కాదు, సముద్రమే. కింద ఎస్తేర్ తమిళంలో రాసింది కూడా ‘మా ఊరి సముద్రం’ అనే. మ్యాపులో నోయ్‌ష్టాట్ నుంచి సముద్రం దాకా వేలు జరిపి చూస్తే వేలు పోతానే ఉంది.

కంపెనీలో లోకనాథం అని సీనియర్ ఉన్నాడు. ఆనందరాజ్‌కు పని నేర్పినవాడు, మంచి మనిషే. భోజనాల వేళ ఆనందరాజ్ ఫోటో చూపించి, మ్యాపు చూపించి, ఇదేందన్నా అని అడిగినాడు. లోకనాథం చాలాసేపు రెండూ చూసి, ఏజెంట్లు ఒక ఊరు చెప్పి ఇంకో ఊరికి తోలేది తాను విన్నానన్నాడు. తరువాత గొంతు తగ్గించి, లేకుంటే ఆ యమ్మే నీకు ఒక ఊరు చెప్పి ఇంకో ఊర్లో ఉందేమో కనుక్కో తమ్ముడూ, అన్నాడు. చెడు తలంపుతో అన్నది కాదు. కానీ ఆ మాట ఆనందరాజ్ లోపల దిగి కూర్చుంది. అన్నం కలుపుతా ఉన్నా, మిషను ముందర నిలబడినా, అదే మాట. పదమూడేళ్లు కాపురం చేసిన మనిషి అబద్ధం చెప్తుందా? చెప్పదు. మరి సముద్రం యాడ నుంచి వచ్చింది?

ఆదివారం మధ్యాహ్నం ప్రియంక పక్కింట్లో ఉన్నప్పుడు ఫోన్ చేసినాడు. బాగుండావా అని కూడా అడగలేదు.

"మీ ఊరి కొండ మింద కోట ఉండాది గదా. నీ రూములో నుంచి అగపడతాదా?"

"కొండా? ఈడ కొండే లేదు మామా. అంతా చదునే."

"ఎస్తేరూ, నిజం చెప్పు. నువ్వు యాడ ఉండావు?"

"నేను యాడ ఉండానో నీకు తెలీదా?" అనింది ఎస్తేర్, మెల్లిగా.

తెలీదు, అన్నాడు అతను. అది నిజమే. కానీ ఆ మాట తన నోట్లో నుంచి నింద వేసినట్టు బయటికొచ్చిందని అతనికే వినపడింది. ఎస్తేర్ ఫోన్ పెట్టేసింది. సాయంత్రం చేస్తే తీయలేదు. మరుసటి రోజూ తీయలేదు. ప్రియంక చేస్తే మాత్రం తీసి మాట్లాడింది, నాయినకు ఇస్తానంటే డ్యూటీ ఉందనింది. పొన్నమ్మ కొడుకు మొహం చూసి, ఏందిరా జరిగిందని అడిగింది. ఏం జరిగిందో తెలిస్తే కదా చెప్పేది.

చివరకు సెలవు పెట్టి తిరుత్తణికి పోయినాడు. ఎస్తేర్‌తో ఆస్పత్రిలో పనిచేసిన శశికళ అక్కడే ఉంది. మగ్గాల వీధి పిల్ల, ఎస్తేర్‌తో కలిసి జర్మన్ క్లాసుకు పోయింది కూడా. ఆమెకైనా నిజం చెప్పి ఉంటుందని అతని ఆశ, భయం కూడా. ఆస్పత్రి క్యాంటీన్లో టీ ముందర పెట్టుకొని, గోడ మొదలుకొని సముద్రం దాకా అన్నీ చెప్పినాడు. లోకనాథం మాట ఒక్కటీ దాచుకున్నాడు. శశికళ అతని ఫోన్ తీసుకొని చూసింది. చూసి, టీ గ్లాసు కింద పెట్టేసింది.

"అన్నా, ఇది వేరే నోయ్‌ష్టాట్. అక్క ఉండేది పైన ఉత్తరం పక్క, హోల్‌స్టైన్‌లో. ఆ దేశంలో నోయ్‌ష్టాట్‌లు ఎన్నున్నాయో లెక్కే లేదు."

"ఒకే పేరా?"

"నోయ్ అంటే కొత్త, ష్టాట్ అంటే ఊరు. తమిళంలో పుదూరన్నా కొత్త ఊరే గదా, మన పక్క ఎన్ని పుదూర్లు లేవు? నువ్వు ఒక పుదూరు చూసి ఇంకో పుదూర్లో అక్కను వెతకతా ఉండావు."

ఆమె మ్యాపును పైకి, ఇంకా పైకి జరిపి, సముద్రం ఒడ్డున ఒక చిన్న చుక్క దగ్గర ఆపింది. ఆనందరాజ్ దాన్నే చూస్తా కూర్చున్నాడు. సంతోషం వేయాల్సింది, వేసింది కూడా. దాని వెనకనే సిగ్గు వచ్చింది. ఎస్తేర్ పోయేముందు ఊరి పేరు మొత్తం చెప్పే ఉంటుంది. నోయ్‌ష్టాట్ అనే మొదటి మాట పట్టుకొని మిగతాది వదిలేసింది తనే.

తిరుగు రైల్లో జనం తక్కువ. అతను ఎస్తేర్‌కు ఒక వాయిస్ మెసేజ్ పెట్టినాడు. తాను చూసింది వేరే ఊరని, శశికళ చెప్పేదాకా తెలీదని, ఏదేదో అనుకున్నానని, తప్పు తనదేనని. చెప్తా చెప్తా నడుమనే ఆపి పంపేసినాడు. రైలు కడంబత్తూరులో ఆగేసరికి ఎస్తేర్ ఫోన్ చేసింది. అతను ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చొని తీసినాడు.

ఆమె తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. నువ్వు అట్లా అడిగినప్పుడు నాకు దిక్కు తెలీలేదు మామా, అనింది. ఈ ఊర్లో నాకే ఏమీ అర్థం కావడం లేదు, నువ్వొకడివైనా నేను యాడ ఉండానో తెలిసినవాడివి ఉండావనుకున్నా, అనింది.

ఏం అర్థం కాలేదని అడిగినాడు.

హోములో ఒక ముసలామె ఉందంట. స్నానం చేయించేటప్పుడల్లా ఓడలు, ఓడలు అంటుంది. ఎక్కడికో ఓడలో పోయినట్టుంది అనుకొని, బాగుండిందా అమ్మా అని ఎస్తేర్ తనకొచ్చిన జర్మన్‌లో అడిగింది. ముసలామె గట్టిగా ఏడ్చేసింది. తరువాత అక్కడి నర్సు ఒకామె విడమరిచి చెప్పింది. యుద్ధం ముగిసే రోజుల్లో నాజీలు తమ క్యాంపుల్లోని ఖైదీలను వేలకొద్దీ ఓడల్లోకి ఎక్కించి, ఈ ఊరి ముందరి సముద్రంలో పెట్టినారు. లోపల ఎవరున్నారో తెలీక ఇంగ్లీషువాళ్ల విమానాలు బాంబులేసినాయి. ఆ రోజే ఇంగ్లీషు సైన్యం ఊర్లోకి వచ్చింది. అప్పుడు చిన్నపిల్లగా ఉన్న ముసలామె ఒడ్డుకు కొట్టుకొచ్చిన మనుషులను చూసింది. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఆ ఒడ్డునే ఉన్నాయి.

"అంటే, విడిపించను వచ్చినోళ్లే చంపినారా?" అని అడిగినాడు ఆనందరాజ్.

"అదే గదా నాకూ తెలీడం లేదు. ఎవరి మింద కోపం చేసుకోవాల? ఆ యమ్మ ఏడస్తా ఉంటే నేను బాగుండిందా అని అడిగినా."

తాను చదివిన ఊర్లో జనం జెండాలు పట్టుకొని పాటలు పాడతా కొండెక్కినారు. ఈమె ఉండే ఊరి సముద్రంలో ఇది జరిగింది. రెంటికీ పేరొకటే, దేశమొకటే. వీళ్లలో ఎవరు మంచివాళ్లో, ఎవరు కాదో అతనికి అందలేదు.

ఇంటికి పోయేసరికి ప్రియంక మెట్ల మీద కూర్చొని ఉంది. చార్టు స్కూల్లో గోడకు అంటించినారని చెప్పింది. అతను జరిగింది చెప్పేసినాడు, మనం గీసింది అమ్మ ఊరు కాదు పాపా అని. ప్రియంక మొహం వాడిపోయింది. అయితే టీచరుకు చెప్పాలనింది. ఇంకొంచెం ఆగి, చెప్పకపోతే ఏమవుతుందని అడిగింది. తెలీదు, అన్నాడు అతను. ఆ రోజుకు ఆ సంగతి అట్లే ఉండిపోయింది.

ఆదివారం ఎస్తేర్‌కు ఫోన్ చేసినప్పుడు ఆనందరాజ్ మ్యాపు తీయలేదు. రూము తలుపు తీసి బయటికి వస్తే మొదట ఏముంటుందో చెప్పమన్నాడు. రొట్టెలంగడి ఉంటుందనింది. దాని తరువాత? దిగువగా ఒక వీధి, దాని తరువాత బ్రిడ్జి. బ్రిడ్జి మీద నిలబడితే ఒక పక్క పడవలు, సముద్రం. ఇంకో పక్క కూడా నీళ్లే, కానీ అది సముద్రం కాదంటారు, చెరువూ కాదంటారు.

"మరి ఏమంటారు?"

"దానికేదో పేరుంది. లోపలి నీళ్లు అని అర్థమంట. అడిగితే నవ్వుతారని అడగలేదు."

రెండు పక్కలా నీళ్లుంటే ఊరు ఏ పక్క ఉంటుందో అతనికి పట్టుబడలేదు. ప్రియంక ఒక తెల్లకాగితం తెచ్చి నేల మీద పరిచి, తలుపు దగ్గర నుంచి మళ్లా చెప్పమ్మా అనింది. ఎస్తేర్ మళ్లా మొదలుపెట్టింది.