ఒక్కతే మిగిలిన క్లాసు

అది రెండువేల సంవత్సరం. సికింద్రాబాదు కాలేజీలో ఎమ్మెస్సీ గణితం వాళ్లంతా ఒక్కొక్కరే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లిపోగా, కనిష్ఠ, గరిష్ఠ విలువలు కనుక్కునే ఆప్టిమైజేషన్ క్లాసులో లోవలక్ష్మి ఒక్కతే మిగిలింది. ఇప్పుడు ఆమెకూ ఉద్యోగం వచ్చింది. సోమవారమే చేరాలి. ఆ పాఠం చెప్పే రామభద్రరావు మాస్టారికి ఆ మాట ఎలా చెప్పాలో తోచక, మౌలాలి నుంచి బస్సులో వస్తున్నంతసేపూ ఆమె మనసు మనసులో లేదు.

ఆమె క్లాసుకు చేరేసరికే మాస్టారు బోర్డు నిండా లెక్క చేసేశారు. "ఇదీ కనిష్ఠ విలువ. ఇంతకన్నా తగ్గదు," అన్నారు.

లోవలక్ష్మి లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. చివరికి వెళ్లి సుద్దముక్క అందుకుని, లెక్క పక్కనే ఎత్తుపల్లాల వంపుగీత ఒకటి గీసింది.

"తగ్గుతుంది సార్. ఇది దగ్గర్లో ఉన్న పల్లం మాత్రమే. ఈ మిట్ట దాటితే అవతల ఇంకా లోతుంది," అంటూ లెక్క కట్టి చూపించింది.

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని మరీ చూశారు. "నిరుడు కూడా ఇక్కడే ఆపేశానమ్మా!" అని పకపకా నవ్వారు.

ఆ నవ్వు చూశాక చెప్పడం మరీ కష్టమైంది. అయినా ఉద్యోగం సంగతి చెప్పేసింది. ఆయన ముఖం చిన్నబోయింది.

"మంచిదమ్మా, వెళ్లిరా."

గుమ్మం దాకా వెళ్లి ఆమె ఆగిపోయింది. "సార్, ఆదివారాలు నాకు సెలవే. పాఠం చెప్తారా?"

"ఎనిమిదింటికల్లా మా ఇంటికి వచ్చెయ్," అన్నారు మాస్టారు. "ఆలస్యమైతే మాత్రం ఊరుకోను."