బొగ్గు పూసుకున్న రెండో వయొలిన్

కొర్లగుంట ఆర్కెస్ట్రాలో ధనశేఖర్ గొంతు ఎలా ఉంటుందో ఎవరికీ సరిగా తెలియదు. పగలు బస్టాండు దగ్గరి లాడ్జిలో గది తాళాలు ఇస్తాడు. సాయంత్రం కల్యాణ మండపం మేడ మీద రెండో వయొలిన్ వాయిస్తాడు. ఏమడిగినా తలూపుతాడు. అవునన్నాడో కాదన్నాడో అడిగినవాళ్లే తేల్చుకోవాలి.

ఆ తలలో మాత్రం ఒకటే కోరిక. ఆదివారం కచేరీ మొదటి పాటలో, రెండో చరణానికి ముందు, వయొలిన్ ఒంటరిగా పలికే చిన్న ముక్క ఉంది. ఏళ్లుగా అది మొదటి వయొలిన్ భానుచందర్‌దే. ధనశేఖర్ లాడ్జిలో ఖాళీ గది చూసుకుని, తలుపేసుకుని ఆ ముక్క వాయించుకునేవాడు. తనదే బాగుంటుందని అతనికి తెలుసు. అలా తెలియడమే అతని జబ్బు. ఎవరితోనూ అనలేని ఆ గొప్ప కడుపులోనే పులిసి, రాత్రిళ్లు తేన్పుల్లా పైకొచ్చేది.

ఇంతలో గంగమ్మ జాతర వచ్చింది. ఆ జాతరలో మొక్కుకుని వేషం కట్టినవాడు ఎవరినైనా నోటికొచ్చినట్టు తిట్టవచ్చు. తిట్లు తిన్నవాడు కోప్పడకూడదు, దండం పెట్టాలి. ఎన్నడూ వేషం కట్టని ధనశేఖర్, మొక్కుందని ఇంట్లో అబద్ధం చెప్పి, ఒళ్లంతా బొగ్గుపొడి పూసుకున్నాడు. నడుముకు వేపమండలు కట్టుకుని అద్దంలో చూసుకుంటే అక్కడ ధనశేఖర్ లేడు. అతను లేకపోవడం ధనశేఖర్‌కు ఎంతో హాయిగా అనిపించింది.

వీధి మలుపులో కొబ్బరికాయల సంచితో మునిప్రసాద్ ఎదురయ్యాడు. చేత్తో కర్ర ఊపుతూ ఆర్కెస్ట్రాను నడిపే మేస్టరు ఆయనే.

"ఒరే బోడినాయాలా!" అన్నాడు ధనశేఖర్. ఆ గొంతు విని ముందు అతనే ఉలిక్కిపడ్డాడు. "నీ చేతిలో ఉండేది కర్రనా, ఈగలు తోలే మండనా? రెండో చరణం ముందర ఊపిరి పీల్చే సందుంటే దాన్ని మింగేస్తావేంరా, యాడ బస్సు పోతాదని? డ్రమ్ము ఎనకాల పరిగెత్తతావే, నడిపేది నువ్వా, అదా?"

అక్కడితో ఆగలేదు. వేపమండతో ఆయన భుజం మీద సరైన తాళం కూడా వేసి చూపించాడు. మునిప్రసాద్ చేతులు జోడించాడు. కళ్లు మాత్రం మూసుకోలేదు.

జాతరలో ఎవరైనా పొట్టను తిడతారు, బట్టతలను తిడతారు. రెండో చరణాన్ని తిట్టేవాడు ఉండడు. ఈ సంగతి ధనశేఖర్‌కు బొగ్గు కడుక్కునేటప్పుడు తట్టింది. నల్లటి నీళ్లు కాళ్ల మధ్య నుంచి పారుతుంటే, ఆర్కెస్ట్రాలో తన కుర్చీ కూడా వాటి వెంటే పోతున్నట్టు కనిపించింది.

జాతర ముగిశాక రిహార్సల్‌లో మునిప్రసాద్ కర్ర పక్కన పెట్టాడు.

"నన్ను తిట్టినోడు ఈ మేడ మీదే ఉండాడు. వాడు చెప్పింది నిజమబ్బా. ఇంటికి పోయి తాళం వేసి సూసుకున్నా. అంత చెవి ఉండేవాడే ఆ ముక్క వాయించాల. ఎవురు వాడు?"

ధనశేఖర్ తల వంచుకుని కమాను తుడుచుకోసాగాడు. ఈలోగా భానుచందర్ లేచాడు.

"నేనే సార్. తప్పయిపోయినాది."

తన ముక్క పోకుండా కాపాడుకునే తొందర అతనిది.

"అట్లనా? ఏదీ, ఇంకొకసారి తిట్టు."

"అదీ... మీరు రవ్వంత తొందరపడతారు సార్. పెద్దోళ్లు, మన్నించాల."

కీబోర్డు దగ్గర కూర్చున్న కృపారాణి కిసుక్కున నవ్వింది. "ఇది తిట్టా అన్నా? లీవు లెటరు మాదిరుండాది."

అందరూ నవ్వారు. ఆ నవ్వు ధనశేఖర్‌ను గుచ్చింది. ముక్క దక్కకపోయినా సరిపెట్టుకునేవాడేమో గాని, తన తిట్టును ఇంత చప్పగా అప్పజెప్పడం భరించలేకపోయాడు. లేచి నిలబడ్డాడు. ఒంటి మీద బొగ్గు లేదు. ఇస్త్రీ చొక్కా, దాని మీద లాడ్జి వాళ్ల పేరు బిళ్ల.

"ఒరే... సార్!" అన్నాడు.

కృపారాణి వీడియో తీయడానికి ఫోను ఎత్తింది.

"ఈగలు తోలేది ఇంగా ఎన్నాళ్లు సార్? పాట ఊపిరాడక గస పెడతా ఉంటే నీకు ఇనపడదా? రెండో వయొలిన్లు ఈడ ఉండామని నీకు తెలుసునా? ఒక్కనాడన్నా ఇట్ల తిరిగి సూసినావా, బోడినాయా... సార్!" ఇక ఆగడం అతని చేతిలో లేదు. భానుచందర్ వైపు తిరిగాడు. "ఇంగ నువ్వు! ఆ ముక్క వాయిస్తా ఉండావా, వయొలిన్‌కు గడ్డం గీస్తా ఉండావా?"

"నన్నేం అనబాకన్నా," అంది కృపారాణి, ఆ ఫోను ఒడిలో దాచేస్తూ.

"నీకు రేపు!"

మునిప్రసాద్ రెండు చేతులూ జోడించి, నవ్వు ఆపుకోలేక ముఖం ఎర్రగా చేసుకున్నాడు. "చాలప్పా, జాతర అయిపోయినాది. వయొలిన్ ఎత్తుకో. ఆ ముక్క నీదే."

భానుచందర్ మూతి ముడుచుకుని కుర్చీ వెనక్కి లాక్కున్నాడు. ధనశేఖర్ కమాను తీగల మీద పెట్టాడు. ఖాళీ గదిలో ఎన్నడూ తప్పని చెయ్యి రెండో స్వరం దగ్గరే జారి కీచుమంది.

"థూ, దున్నపోతా!" అని అందరికన్నా ముందు తనను తానే తిట్టుకుని, ధనశేఖర్ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.